ముప్పై అయిదేళ్ల మియాటా: మెకానిక్ రాసిన నాలుగు, రాయని రెండు

డాలస్ దగ్గర ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 36, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, రానూపోనూ 44 మైళ్లు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ భార్య ఉద్యోగానికీ, అయిదేళ్ల పాపను బడికి దింపడానికీ సరిపోతోంది. రెండో కారుగా వాడిన కరోలా ఏదైనా కొందామని ఇద్దరూ అనుకున్నారు. ఈయన మాత్రం ఒక శనివారం 1990 మోడల్ మాజ్డా మియాటాను, గుడ్డ టాప్ దించుకునే రెండు సీట్ల చిన్న కారును చూసి, 6,800 డాలర్లు పోసి ఇంటికి తెచ్చేశారు. ఎర్ర రంగు, ఐదు గేర్ల మాన్యువల్, 1,18,000 మైళ్లు తిరిగింది. ఆ డబ్బు ఇంటి డౌన్ పేమెంటు కోసం ఇద్దరూ కలిసి దాచుకున్నది.

కొన్న రెండు వారాల్లోనే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ పైభాగంలో టిక్ టిక్‌మని చప్పుడు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడనని మొండికేస్తుంది. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగితే మొదటి గేరూ, రివర్సూ గరగరలాడతాయి. ఇంజన్ వెనక భాగం నుంచి నేలమీద ఆయిల్ చుక్కలు. వాన పడిన మర్నాడు సీట్ల వెనక కార్పెట్టు తడి. షాపుకు తీసుకెళ్తే 4,650 డాలర్ల లెక్క రాసిచ్చారు: లిఫ్టర్లు (వాల్వులను నెట్టే భాగాలు) 900, రియర్ మెయిన్ సీల్ (ఇంజన్ వెనక కొసన ఆయిల్ ఆపే రింగు) 1,350, గేర్‌బాక్స్ రీబిల్డ్ 1,500, కొత్త టాప్ 900. ఆ కాగితం చూసినప్పటి నుంచి భార్య మాట్లాడటం తగ్గించారు. తెనాలి నుంచి నాన్నగారు వీడియో కాల్‌లో, “నీకంటే ఒక్క ఏడాది చిన్నదిరా ఆ కారు, ఎందుకు కొన్నావు?” అన్నారట. “అమ్మేయాలా, బాగు చేయించాలా? మా ఆవిడకి ఏం చెప్పాలి?” అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరంలో కారు గొడవ ఒకటి, ఇంటి గొడవ ఒకటి. ముందు కారు సంగతి చూద్దాం, దాని ఖర్చెంతో తేలితే ఇంట్లో మాట్లాడటానికి ఒక అంకె దొరుకుతుంది. ఆ లెక్కలోని నాలుగూ ఈ తరం మియాటాల్లో మామూలుగా కనిపించే లక్షణాలే. నాలుగింటికీ పెద్ద కారణం ఒకటుంటుంది, చిన్న కారణం ఒకటుంటుంది. షాపువారు నాలుగుచోట్లా పెద్దదే రాశారు. అది దురుద్దేశమని నేననను. రోజూ కొత్త కార్లు చూసేవారికి ఈ కారు అలవాట్లు తెలియకపోవచ్చు. అయితే దీన్ని ఉంచుకోవాలో వద్దో తేల్చవలసినవి రెండున్నాయి, అవి ఆ కాగితంలో లేనేలేవు.

మొదటిది క్రాంక్ ముక్కు. 1990లోనూ, 1991 మొదట్లోనూ వచ్చిన 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది. దానికి తొడిగిన పళ్లచక్రం జారకుండా ఒక చిన్న కీ, అన్నిటినీ పట్టి ఉంచడానికి మధ్యలో ఒక బోల్టు. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఎవరైనా ఆ బోల్టును సరిగ్గా బిగించకపోతే చక్రం వెంట్రుకవాసి ఆడటం మొదలవుతుంది. ఆడేకొద్దీ కీ కూర్చునే గాడి అరుగుతుంది. గాడి అరిగితే టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే, మంట అందే వేళ, తప్పుతుంది, బలం తగ్గుతుంది, చివరికి క్రాంకే పాడవుతుంది. అంటే ఇంజన్ విప్పాలి, లేదా ఇంకో ఇంజన్ వేయాలి. 1991 మధ్యలో మాజ్డా ఆ కొసను పొడవు చేసి ఈ బాధ తీర్చింది.

మీది 1990 కాబట్టి పొట్టిదే అయ్యుండాలి. మధ్యలో ఇంజన్ మార్చి ఉంటే మాత్రం చెప్పలేం, అందుకే చూసుకోండి. కింద ఉన్న క్రాంక్ పుల్లీ మధ్యభాగంలో, బోల్టు చుట్టూ గాట్లుంటాయి. టార్చి వేసి లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. ఆ తర్వాత ఇంజన్ నడుస్తుండగా, వదులు బట్టలూ చేతులూ బెల్టులకు దూరంగా ఉంచి, ఆ మధ్య బోల్టు తలను ఒక నిమిషం చూడండి. ఉన్నచోటే తిరుగుతోందంటే మంచిదే. ఊగుతూ తిరుగుతోందంటే కారు నడపడం ఆపేయండి. మెకానిక్‌తో ఇంకో పరీక్ష కూడా చేయించండి. టైమింగ్ లైట్ పెట్టి చూస్తే పుల్లీ మీది గుర్తు 10 డిగ్రీల దగ్గర నిలకడగా నిలబడాలి. దానికి ముందు డయాగ్నోసిస్ అని రాసి ఉన్న చిన్న నల్ల డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు చోట్లనూ వైరుతో కలపాలి, లేకపోతే కంప్యూటరు టైమింగును తనకు తోచినట్టు మారుస్తుంది. గుర్తు అటూ ఇటూ దూకుతుంటే అనుమానించాల్సిందే.

రెండోది తుప్పు. వెనక చక్రానికి సరిగ్గా ముందు, తలుపు కింద సాగే పెట్టెలాంటి భాగం ఉంది చూడండి, ఈ కార్లు చచ్చేది అక్కడే. మోకాళ్లమీద కూర్చుని వేలి కణుపుతో కొట్టుకుంటూ రండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు డొల్లగా పలుకుతుంది. పెయింటు చిన్న చిన్న బుడగలుగా లేచి ఉంటే లోపల అంతకు నాలుగింతలు పోయినట్టు లెక్క వేసుకోండి. రేకు కోసి వెల్డింగు చేయించడమంటే రెండు వైపులకీ కలిపి మీ ఇంజన్ పనులన్నిటికంటే ఎక్కువవుతుంది. మీ కారు డాలస్‌లోనే పుట్టి పెరిగిందా, మంచుకు రోడ్లమీద ఉప్పు చల్లే రాష్ట్రం నుంచి వచ్చిందా అన్నది దాని పాత రిజిస్ట్రేషన్ చరిత్రలో దొరుకుతుంది.

తుప్పు గురించి చెప్పడానికి ఇంకో కారణముంది, మీ కార్పెట్టు తడి. టాప్ మీద పడిన నీళ్లు సీటు బెల్టు స్తంభాల దగ్గర రెండు వైపులా ఉన్న కన్నాల్లోంచి గొట్టాల గుండా దిగి, వెనక చక్రాల ముందు కిందకి పోతాయి. ఆకులూ దుమ్మూ చేరి గొట్టం పూడుకుపోతే ఆ నీళ్లు లోపలికి పొర్లి కార్పెట్టు తడుస్తుంది, పక్కనున్న ఆ పెట్టెలోకీ దిగుతాయి. అక్కడే తుప్పు మొదలు. ఒక గ్లాసు నీళ్లు తీసుకుని మెల్లగా ఆ కన్నంలో పోయండి. కింద వెంటనే ధారగా రావాలి. రాకపోతే గడ్డి కోసే మిషన్‌కు వేసే లావు నైలాన్ తీగ తెచ్చి, కొసను కాస్త కాల్చి గుండ్రంగా చేసి, తిప్పుతూ దింపండి. ఇనప తీగ పెట్టొద్దు, గొట్టం కొసనున్న రబ్బరు చిరుగుతుంది. తర్వాత మళ్లీ నీళ్లు పోసి చూడండి. వానకు కాక ఏసీ ఎక్కువసేపు నడిచిన రోజున, అదీ ముందు కాళ్ల దగ్గర తడుస్తుంటే ఏసీ నీటి గొట్టం మూసుకుపోయిందని అర్థం, అది వేరే పని. టాప్ గుడ్డ చిరగలేదని మీరే రాశారు. గొట్టాలు బాగుచేశాక ఒక్క వాన చూడండి. అప్పటికీ పైనుంచి కారితే కొత్త టాప్ సంగతి ఆలోచించవచ్చు.

ఆయిల్ చుక్కలు. ఇంజన్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య రేకు గోడ) వైపు, క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని మెడకున్న రబ్బరు ఓ-రింగు వేడికి గట్టిపడి పెళుసవుతుంది. అక్కడినుంచి కారిన ఆయిల్ ఇంజన్ వెనక గోడమీదుగా జారి గేర్‌బాక్స్ ముందున్న గంట ఆకారపు డబ్బా అంచున చుక్కగా నిలుస్తుంది. కిందనుంచి చూసినవారికి అచ్చం రియర్ మెయిన్ సీల్ కారినట్టే ఉంటుంది. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఓ-రింగు మాత్రం కొన్ని డాలర్ల సరుకు. సెన్సర్ వెనక వేలు పెట్టి తడమండి. వేలికి ఆయిల్ అంటుకుంటే ముందు దాని పనిపట్టాలి. విప్పేముందు సెన్సర్ ఏ స్థానంలో ఉందో పెయింట్ పెన్నుతో అడ్డంగా గీత గీయించండి. అది కాస్త తిరిగినా ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది, అందుకే బిగించాక 10 డిగ్రీలు మళ్లీ చూడాలి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్టు కూడా అప్పుడే మార్చించండి. దాని మూలల్లో అర్ధచంద్రాకారంగా మలుపు తిరిగే చోట్ల కొంచెం సీలెంటు రాయకపోతే మళ్లీ కారుతుంది. ఆ పక్కనే హీటర్ గొట్టాలుంటాయి. ఏళ్ల తరబడి ఆయిల్ పడి అవి ఉబ్బి మెత్తబడి ఉంటే ఇప్పుడే మార్చడం నయం. తర్వాత ఇంజన్‌ను శుభ్రంగా తుడిపించి 200 మైళ్లు తిరిగి చూడండి. పైభాగం పొడిగా ఉండి కింద గంట దగ్గర మళ్లీ చుక్క పడితే రియర్ మెయిన్ సీలేనని అప్పుడు నమ్మవచ్చు. చుక్కలే అయితే అప్పటికీ తొందర లేదు, క్లచ్ ప్లేటు అరిగి గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ పనీ అయిపోతుంది. క్లచ్ జారుతుంటే మాత్రం ఆగకూడదు.

గేర్‌బాక్స్ విషయంలో మీరు రాసిన రెండు లక్షణాలు వేర్వేరు జబ్బులు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు బిగుసుకోవడం ఈ బాక్స్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఐదు నిమిషాలు నడిచాక సర్దుకుంటే దాన్నలాగే ఒప్పుకోవాలి, మొదటి రెండు మైళ్లు తొందరపెట్టకుండా మార్చాలి. గేరు ఆయిల్ మారిస్తే చాలావరకు తగ్గుతుంది. కావలసింది జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90, రెండు లీటర్లు. జీఎల్-5 అని మాత్రమే రాసి ఉన్నది గేర్‌బాక్స్‌లో పోయనివ్వకండి. దాంట్లోని రసాయనాలు సింక్రోల (గేర్లు గీరుకోకుండా కలిపే రింగుల) ఇత్తడికి మంచివి కావు. వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌కు మాత్రం జీఎల్-5 కావాలి, సుమారు 0.65 లీటరు పడుతుంది. ఏ గేర్‌బాక్స్‌కైనా ముందు నింపే మర విప్పి, వచ్చిందని చూశాకే కింద మర విప్పాలి. ఆయిలంతా కారిపోయాక పైమర రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది.

ట్రాఫిక్‌లో మొదటి గేరూ రివర్సూ గరగరలాడటం క్లచ్ పూర్తిగా విడవడం లేదనడానికి గుర్తు. ఇంజన్ ఆపి గేర్లు వేసి చూడండి. అన్నీ మెత్తగా పడి, ఇంజన్ నడుస్తుంటే మాత్రం గీరుకుంటే దోషం బాక్స్‌ది కాదు, పెడల్ నొక్కితే క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్‌ది. ఈ కారులో అది మాటిమాటికీ పోయే భాగం. గేర్‌బాక్స్ పక్కన కుడివైపు ఉంటుంది. దాని రబ్బరు తొడుగు అంచును కొంచెం వెనక్కి లాగితే లోపల తడిగా, నల్లగా ద్రవం కనిపిస్తుంది. బానెట్ కింద క్లచ్ ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గుతున్నా సంగతి అదే. స్లేవ్, పెడల్ వైపుండే మాస్టర్ సిలిండర్, రెండింటి మధ్య రబ్బరు గొట్టం మూడూ ఒకేసారి మార్పించండి. ఒకటే కొత్తది వేస్తే ఆ ఒత్తిడికి రెండో పాతది కొన్ని నెలల్లో చేతులెత్తేస్తుంది. మూడింటికీ కలిపి సరుకు ధర సుమారు 150 డాలర్లలోపే. ఇవన్నీ చేశాక, బాక్స్ వేడెక్కాక కూడా నడుస్తూ గేరు మార్చినప్పుడు గీరుకుంటే, అప్పుడు సింక్రోలు అరిగినట్టు. అప్పుడైనా రీబిల్డ్ కంటే విడిభాగాల యార్డులో మంచి పాత గేర్‌బాక్స్ వెతకడం చవక.

లిఫ్టర్ల టిక్ టిక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈ ఇంజన్ లిఫ్టర్లు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తాయి. రాత్రంతా నిలిపితే వాటిలోంచి ఆయిల్ దిగిపోతుంది, పొద్దున్న మళ్లీ నిండేదాకా టిక్కుమంటాయి. కొన్ని నిమిషాల్లో తగ్గితే భయపడకండి. 10డబ్ల్యూ-30 ఆయిల్, వెనక్కి దిగనివ్వని కవాటమున్న మంచి ఫిల్టరు వేసి, 3,000 మైళ్లకోసారి రెండుమూడు సార్లు మారిస్తే చాలా కార్లలో తగ్గుతుంది. మీకొక అదృష్టం ఉంది. మీ ఏడాది కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజమైన ఒత్తిడినే చూపిస్తుంది, 1995 నుంచి వచ్చినవాటిలో అది ఉత్త స్విచ్. బాగా వేడెక్కాక 3,000 ఆర్‌పీఎం దగ్గర 43 నుంచి 57 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. అది బాగుంటే టిక్కు ఎంత వినపడినా నిద్రపోవచ్చు. చప్పుడు పైనుంచి కాక కిందనుంచి, బరువుగా, సుత్తితో కొట్టినట్టు వస్తుంటేనే బండి ఆపాలి.

ఇక లెక్కలో లేకపోయినా డబ్బు పెట్టాల్సినవి కొన్నున్నాయి. టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి. మీ కారు 1,18,000 దగ్గరుంది. ముందటి యజమాని మార్చిన రసీదు చూపించలేదంటే మార్చలేదనే అనుకోండి. ఈ ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులు వంగవు, కారు ఆగిపోతుందంతే. కానీ సాయంత్రం ఆరింటికి 635 హైవే మీద మధ్య లేన్లో ఆగిపోవడం కూడా చిన్న విషయం కాదు. బెల్టుతోపాటు వాటర్ పంపు, క్యామ్, క్రాంక్ సీళ్లు అన్నీ ఒకేసారి వేయించండి. పొట్టి ముక్కు ఇంజన్ అయితే పని ఇచ్చేముందే మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: “మధ్య బోల్టు ఎంతకు బిగిస్తారు?” 80 నుంచి 87 పౌండ్-అడుగులు అని పుస్తకం చూసైనా చెబితే ఇవ్వండి. పొడుగు ముక్కుకైతే అది 116 నుంచి 123. ఎయిర్ గన్‌తో బిగిస్తామంటే ఇంకో షాపు చూసుకోండి. కొత్త బోల్టూ, కొత్త కీ పెట్టమని చెప్పండి.

రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉందా, గోధుమరంగుకు తిరిగిందా చూడండి. తిరిగితే పగలడానికి దగ్గరపడినట్టే. డాలస్ ఎండల్లో దాన్ని నమ్ముకోవద్దు. టైర్ల పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. ఉదాహరణకు 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాతదైతే టైరు ఎంత తక్కువ అరిగినా మార్చేయాలి. సైజు 185/60 ఆర్14. గాలి 26 పీఎస్‌ఐ చాలు. టైరు షాపులు అలవాటుగా 35 కొడతాయి, దాంతో ఈ తేలిక కారు తడి రోడ్డు మీద జారుతుంది. బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. అక్కడ ఏజీఎం (యాసిడ్ ఒలకకుండా గాజు దూదిలో ఇంకి ఉండే) రకమే పెట్టాలి, దాని ఆవిరి గొట్టాలు తగిలించి ఉండాలి. మామూలు యాసిడ్ బ్యాటరీ పెడితే ఆవిరికి డిక్కీ రేకు తింటుంది. వెనక బ్రేకు ప్యాడ్లు మార్చేవారు పిస్టన్‌ను సీ-క్లాంపుతో వెనక్కి నొక్కకూడదు. కాలిపర్ వెనక ఒక మర తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది, దాన్ని ఎడమకు తిప్పాలి. ఈ సంగతి తెలియనివారు కాలిపరే పోయిందంటారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ తీసేశారు. ఇక మీ బ్రేకులు చూసేది మీరూ, మీ మెకానిక్కే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ముక్కు బాగుండి, తుప్పు లేకపోతే: క్లచ్ సిలిండర్లు, ఆయిళ్లు, ఓ-రింగు, గ్యాస్కెట్టు, నీటి గొట్టాలు మొదటి నెలలో, బెల్టు పని రెండో నెలలో. పాత జపాన్ కార్లు చూసే చిన్న షాపులో చేయిస్తే అంతా కలిపి 1,500 నుంచి 2,000 డాలర్ల మధ్య తేలాలి. టైర్లు, రేడియేటర్ కావలసివస్తే ఇంకో 600, 700. అది మీరు ఉంచుకోదగ్గ కారు. కానీ ఆ రెండు నెలలూ దాన్ని ఆఫీసుకు నమ్ముకోవద్దు. ఎవరితోనైనా కలిసి వెళ్లడమో, ఇంటినుంచి పనిచేసే రోజులు సర్దుకోవడమో చేయాలి. ఆ వీలు లేకపోతే ఎంత బాగున్నా ఇప్పుడు ఇది మీకు సరిపడే కారు కాదు.

ముక్కు ఊగుతున్నా, తుప్పు పట్టినా ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి. ఆ రెండూ దాచి అమ్మితే రేపు ఇంకొకరు మీలాగే ఉత్తరం రాస్తారు. ఒకటి రెండు వేలు నష్టం రావచ్చు, ఆ నష్టం అక్కడితో ఆగుతుంది. మూడో దారి 4,650 కట్టి అంతా ఆ షాపుకే ఇవ్వడం. అవసరం లేనివి మారతాయి, బెల్టు పాతదే ఉంటుంది. దాన్ని నేను సలహా ఇవ్వలేను.

మీ ఆవిడ విషయం. మీ ఉత్తరంలో నాలుగుచోట్ల ఆవిడకు కార్లంటే తెలియదని రాశారు. ఆవిడ బాధ కార్ల గురించి కాదనిపిస్తోంది. కలిసి దాచిన డబ్బు, కలిసి తీసుకున్న నిర్ణయం, రెండూ ఒక్క శనివారం మీరొక్కరే మార్చేశారు. అది ఒప్పుకోవడానికి ఈ పరీక్షల ఫలితాలు అక్కర్లేదు, ఈ రాత్రే చెప్పవచ్చు. ఫలితాలు వచ్చాక కాగితం మీద మూడు అంకెలు రాసి ఆవిడ ముందు పెట్టండి: ఇంతవరకు పెట్టింది, ఇంకా పెట్టబోయేది, ఇంతకు ఒక్క డాలరు దాటినా అమ్మేస్తాననే హద్దు. హద్దు ఆవిడ చెబితే మంచిది. డౌన్ పేమెంటు ఖాతాలోకి నెలకు ఎంత తిరిగి వేస్తారో కూడా రాయండి. ఆవిడ వద్దంటే, కారు బాగున్నా అమ్మడానికి సిద్ధపడే మాట్లాడండి. పాప భద్రత గురించి ఆవిడ భయపడితే ఆవిడ మాటే నిజం. రెండు సీట్లు, డ్రైవరు వైపే ఎయిర్ బ్యాగు, నెత్తిన గుడ్డ. పాపను ఎప్పుడూ ఇంట్లో మొదటినుంచీ ఉన్న కారులోనే తీసుకెళ్తామని ముందే చెప్పండి.

ఈ వారాంతం గాట్లు లెక్కపెట్టి, రేకు కొట్టి చూసి, గ్లాసు నీళ్లు పోసి చూడండి. మూడూ కలిపి గంట పని, ఖర్చేమీ లేదు. టాప్ దించేటప్పుడు మాత్రం ముందుగా, వెనకనున్న ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి, దాన్ని పరిచి పెట్టాకే దించండి. చలిగా ఉన్న పొద్దున అయితే ఎండెక్కేదాకా ఆగండి. మడత పడిందంటే ఆ కిటికీ అక్కడే చీలుతుంది, అప్పుడు కొత్త టాప్ నిజంగానే కొనాలి.